ఓపియాయిడ్ అలవాటున్న పేషెంట్లూ, నర్సులుగా మనమూ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 19 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. ఆర్థో, సర్జికల్, క్యాజువాలిటీ అన్నీ తిరిగి ఇప్పుడు డీ-అడిక్షన్ వార్డులో ఉన్నాను. క్లినికల్స్‌కి వచ్చే నర్సింగ్ విద్యార్థులు, కొత్తగా చేరిన పిల్లలు, ఒక్కోసారి పేషెంట్ల ఇంటివాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మందు ఏది, డోసు ఎంత అన్నది డాక్టర్ ఆర్డర్ ప్రకారమే జరగాలి. నేను ఎక్కువగా చెప్పేది ఆ పేషెంటును మనం ఎలా చూస్తామో, ఆ చూపు వల్ల అతనికి ఏమవుతుందో దాని గురించి.

ఓపియాయిడ్లు అంటే ఏవి? గంజాయి కూడా అందులోకే వస్తుందా?

రాదు. మన దగ్గర "డ్రగ్స్ కేసు" అనగానే అందరికీ గంజాయే గుర్తొస్తుంది, కానీ దాని తీరు వేరు. ఓపియాయిడ్లంటే నల్లమందు, దాని నుంచి వచ్చే మార్ఫిన్, కోడీన్, హెరాయిన్, ఫ్యాక్టరీలో తయారయ్యే ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటనిల్, పెంటజోసిన్ లాంటివి. వార్డులో అందరం ఫోర్ట్‌విన్ అని పిలిచేది ఈ పెంటజోసిన్‌నే. కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా ఈ లెక్కలోదే.

మన ఆంధ్రా, తెలంగాణల్లో ఇలాంటివాళ్లు అంతమంది ఉన్నారా? ఇది పంజాబ్ సమస్య కదా?

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువాళ్లలో 2.06 శాతం మంది, అంటే సుమారు 2 కోట్ల 26 లక్షల మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని అందులో తేలింది. వాళ్లలో దాదాపు 77 లక్షల మందికి అది ఆరోగ్య సమస్యగా మారింది. ఆ 77 లక్షల్లో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఆ జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, హర్యానాలతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది.

మన వార్డుల్లో వీళ్లు "డ్రగ్స్ తీసుకుంటాను" అని చెప్పుకుంటూ రారు. చేతి మీద చీముగడ్డతో వస్తారు, ఫిట్స్‌తో వస్తారు, కడుపునొప్పితో వస్తారు. నేను చూసినవాళ్లలో చాలామంది కథ నొప్పితోనే మొదలైంది. పాంక్రియాస్ వాపుతో ఏళ్ల తరబడి బాధపడుతూ, నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాత తానే వేసుకోవడం నేర్చుకున్న రైతు ఒకాయన ఉన్నాడు. తొడలు చూపించమంటే సిగ్గుపడ్డాడు. రెండు తొడల మీదా చర్మం చెక్కలా గట్టిపడిపోయి, మధ్యలో మానని పుండ్లు. పెంటజోసిన్ ఒకేచోట పదేపదే పొడిస్తే అలాగే అవుతుంది. అది చూశాక ఆయన మజా కోసం వాడాడన్న మాట ఎవరూ అనలేకపోయారు.

ఇది జబ్బా, చెడు అలవాటా?

జబ్బే. మెదడు ఆ మందుకు అలవాటుపడిపోయి, అది లేకపోతే మామూలుగా పనిచేయలేని స్థితికి వస్తుంది. మన చట్టం కూడా అలాగే చూస్తుంది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితులు కూడా చేరి ఉన్నాయి. షుగర్ పేషెంటు మిఠాయి తిని షుగర్ పెంచుకుని వస్తే మనం విసుక్కుంటాం, కానీ ఇన్సులిన్ ఆపం. ఇక్కడ మాత్రం మందే ఆపేయాలనిపిస్తుంది. ఆ తేడా ఎందుకు వస్తోందో ఎవరికి వారు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇలాంటి పేషెంటు నా బెడ్లకు వస్తే నాకు కోపం, భయం రెండూ వస్తాయి. నేను చెడ్డ నర్సునా?

కాదమ్మా. ఆ కోపం మీ ఒక్కరిదే కాదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2013లో పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన 28 అధ్యయనాలను కలిపి చూశారు. మత్తు అలవాటున్న పేషెంట్ల మీద ఆరోగ్య సిబ్బందిలో వ్యతిరేక భావం సర్వసాధారణమని తేలింది. గొడవ చేస్తారు, మాయమాటలు చెబుతారు, బాగుపడాలని వాళ్లకే లేదు: సిబ్బంది చెప్పిన కారణాలు ఇవే. మన డ్యూటీ రూమ్‌లో టీ తాగుతూ మనం అనుకునే మాటలే ఇవి. అదే పరిశోధనలో ఇంకో విషయం కూడా ఉంది. సిబ్బందికి ఆ భావం ఉన్నచోట పేషెంటుకు తన వైద్యం తన చేతిలో ఉందన్న నమ్మకం తగ్గుతుంది, ఫలితాలూ దెబ్బతింటాయి.

కోపం వెనక చాలాసార్లు పని భారం ఉంటుంది. ఒకే నర్సు చేతిలో 40 బెడ్లు, అందులో ఒకరు పావుగంటకోసారి పిలుస్తుంటే ఎవరికైనా విసుగొస్తుంది. ఇంట్లో తాగుబోతు తండ్రినో అన్ననో చూసి పెరిగినవాళ్లకు ఆ పాత గాయం రేగుతుంది. వీటిలో మీది ఏదో గుర్తించండి, నమ్మకమున్న సీనియర్‌తో చెప్పుకోండి. కోపం రావడం మీ చేతిలో లేదు. కానీ దాన్ని కేస్ షీట్‌లోకి, సూది మొనలోకి రానివ్వకుండా ఆపడం మీ చేతిలో ఉంది.

నొప్పి, నొప్పి అంటున్నాడు. మందు కోసం నాటకమని ఎలా తెలుస్తుంది?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను తప్పు చేసింది కూడా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

అప్పుడు నేను సర్జికల్ వార్డులో ఉండేదాన్ని. ఏ ఆసుపత్రో ఇప్పుడు అనవసరం. 28 ఏళ్ల లారీ క్లీనరు, ముంజేతి మీద పెద్ద చీముగడ్డతో చేరాడు. కోసి చీము తీశారు, యాంటీబయాటిక్ ఐవీ నడుస్తోంది. మొదటి రాత్రి నుంచీ "సిస్టర్, ఇంకో ఇంజెక్షన్ వేయండి" అని ఒకటే గోల. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లోనే "అలవాటు కేసు, పట్టించుకోకండి" అని చెప్పారు. నేనూ పట్టించుకోలేదు.

రెండో రాత్రి రెండు గంటలప్పుడు సెలైన్ మార్చడానికి వెళ్లాను. మే నెల. వార్డులో ఉక్కపోతకి నా యాప్రాన్ వీపుకి అతుక్కుపోయింది. అతను మాత్రం దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. క్యానులా (సెలైన్ ఎక్కడానికి నరంలో పెట్టే గొట్టం) చూద్దామని చెయ్యి బయటికి తీస్తే, మోచేతి దాకా వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి, ఈకలు పీకిన కోడి చర్మంలా. టార్చి వేస్తే కనుపాపలు పెద్దవిగా ఉన్నాయి. ముక్కు కారుతోంది, కళ్ల నుంచి నీళ్లు, మాట మధ్యలో ఆవులింత మీద ఆవులింత. పల్స్ 112. ఇది విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మందు అందక ఒళ్లు పడే బాధ. నేను చదువుకున్న పుస్తకంలో ఉన్నవన్నీ వరసగా నా కళ్ల ముందే ఉన్నాయి. నాటకమాడేవాడు ఏడవగలడు, అరవగలడు. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడిపించుకోలేడు, కనుపాపలు పెద్దవి చేసుకోలేడు.

వెళ్లి చెప్పాను. "వదిలెయ్యమ్మా, రెండ్రోజులుంటే అదే తగ్గుతుంది" అన్నారు పైవాళ్లు. నేను ఇంకోసారి అడగలేదు. డ్యూటీ డాక్టర్‌ని నేనే పిలవాల్సింది, పిలవలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి చూస్తే బెడ్ ఖాళీ. చేతికి క్యానులాతోనే వెళ్లిపోయాడు. "అబ్‌స్కాండెడ్" అని రాసి సంతకం పెట్టాను. 12 రోజుల తర్వాత మళ్లీ అదే చేత్తో, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి తిరిగొచ్చాడు. ఐసీయూలో 6 రోజులున్నాడు, బతికాడు. "అప్పుడు ఎందుకు పారిపోయావ్ బాబూ?" అని అడిగితే, "ఎవరూ నమ్మట్లేదు కదమ్మా, బయట ఎలాగో దొరుకుతుంది" అన్నాడు.

కాబట్టి నా జవాబు ఇది: నిజమా, నాటకమా అని తీర్పు చెప్పే పని పెట్టుకోకండి. కొలవండి. నొప్పి సున్నా నుంచి 10లో ఎంతో అడిగి రాయండి. గాయం చూడండి, పల్స్, బీపీ, కనుపాపలు చూడండి. నొప్పి, విత్‌డ్రాయల్ రెండూ ఒకేసారి ఉండొచ్చు, చాలాసార్లు ఉంటాయి కూడా. మందు కావాలని ఎవరైనా అబద్ధం చెప్పే రోజు కూడా వస్తుంది, కాదనను. అయినా ఆ అబద్ధం చెప్పేవాడి చేతిలోనూ చీముగడ్డ నిజమైనదే ఉంటుంది.

విత్‌డ్రాయల్‌ని వార్డులో ఎలా కొలవాలి?

కౌస్ (COWS) అనే స్కేలు ఉంది. 11 అంశాలు: పల్స్, చెమట, నిలకడ లేకపోవడం, కనుపాపలు, ఎముకలూ కీళ్ల నొప్పులు, ముక్కు-కళ్లు కారడం, వాంతులూ విరేచనాలూ, చేతుల వణుకు, ఆవులింతలు, ఆందోళన, ఒంటి మీద గగుర్పాటు. 5 నుంచి 12 వస్తే తక్కువ, 13 నుంచి 24 మధ్యస్థం, 25 నుంచి 36 కాస్త తీవ్రం, 36 దాటితే తీవ్రం. చేయి తిరిగాక ఐదు నిమిషాలు కూడా పట్టదు. డాక్టర్‌కి "చాలా గోల చేస్తున్నాడు సార్" అని ఫోన్ చేయడానికీ, "కౌస్ 17 ఉంది సార్, రెండు గంటల క్రితం 11" అని చెప్పడానికీ ఎంత తేడా ఉందో చేసి చూస్తే తెలుస్తుంది. అంకె చెబితే ఆర్డర్ వస్తుంది.

హెరాయిన్ లాంటి వాటికి చివరి డోసు తర్వాత 8 నుంచి 24 గంటల్లో మొదలై, రెండు మూడు రోజులకు బాగా ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. "దీంతో ఎవరూ చచ్చిపోరు" అని మన దగ్గర ఒక మాట ఉంది. కానీ వాంతులు, విరేచనాలు ఆగకుండా అవుతుంటే ఒంట్లో నీళ్లు పోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు (ఒంట్లోకి వెళ్లే, బయటికి పోయే నీళ్ల లెక్క) రాయండి.

ట్రమడాల్ పేషెంట్లలో ఇంకో జాగ్రత్త: డోసు ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. సైడ్ రెయిల్స్ పైకి ఎత్తి ఉంచండి.

అలవాటున్నవాడికి నొప్పి మందు ఇస్తే, మనమే అలవాటు పెంచినట్టు కాదా?

కాదు. ఆపరేషన్ అయినవాడికి నొప్పి తగ్గించకపోతే అలవాటు తగ్గదు, మందు బయట వెతుక్కుంటాడంతే. పైగా ఏళ్ల తరబడి ఓపియాయిడ్ వాడిన శరీరానికి మామూలు డోసు చాలదు, నొప్పి కూడా మనకంటే ఎక్కువగా తెలుస్తుంది. అందుకే పక్క బెడ్ పేషెంటుకు సరిపోయిన ఇంజెక్షన్ ఇతనికి సరిపోకపోతే అది మొండితనం అనుకోకండి.

ఇక్కడ నర్సులు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మన వార్డుల్లో నొప్పి అనగానే చేతికందేది ఫోర్ట్‌విన్. హెరాయినో, మార్ఫినో, మెథడోనో రోజూ వాడుతున్న పేషెంటుకు అది వేస్తే, నొప్పి తగ్గకపోగా నిమిషాల్లో విత్‌డ్రాయల్ మొదలుకావచ్చు. ఆ మందు సగం ఓపియాయిడ్‌లా, సగం దానికి విరుగుడులా పనిచేస్తుంది. ఇంజెక్షన్ వేసిన తర్వాత పేషెంటు గిలగిలలాడితే "ఇంజెక్షన్ ఇచ్చినా నాటకమే" అని రాసిన షీట్లు నేను చూశాను. పేషెంటు ఏం వాడుతున్నాడో ముందే అడిగి రాసి ఉంటే ఆ ఆర్డర్ దగ్గరే ఆగి, డాక్టర్‌ని ఒకసారి అడిగేవాళ్లం.

ఈ అలవాటుకి చికిత్సగా బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ ఇస్తారు కదా. ఒక మత్తు తీసి ఇంకో మత్తు పెట్టడమేగా?

ఇది పేషెంట్ల అమ్మానాన్నలూ అడుగుతారు, నర్సులూ అడుగుతారు. సరైన డోసులో ఇస్తే ఈ మందులు మత్తు ఎక్కించవు. విత్‌డ్రాయల్‌ని, మందు మీద తపనని ఆపుతాయి. మనిషి పొద్దున్నే లేచి పనికి వెళ్లగలుగుతాడు. చికిత్సలో ఉన్నంతకాలం వీళ్లలో మరణాలు, చికిత్సలో లేనివాళ్లతో పోలిస్తే సగం కంటే తక్కువని పెద్ద పరిశోధనలు చూపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే ఈ రెండింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లకు నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఆధ్వర్యంలో ఈ మందులిచ్చే ఓఎస్‌టీ కేంద్రాలు నడుస్తున్నాయి.

నాలుక కింద బ్యుప్రెనార్ఫిన్ మాత్ర పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటి డోసు విత్‌డ్రాయల్ లక్షణాలు స్పష్టంగా మొదలయ్యాకే ఇవ్వాలి, ముందే ఇస్తే అదే విత్‌డ్రాయల్ తెచ్చిపెడుతుంది. మాత్ర పూర్తిగా కరిగేదాకా పేషెంటు దగ్గరే ఉండాలి. ఆ కొద్ది నిమిషాలూ కాపలా కాసినట్టు నిలబడకుండా "రాత్రి నిద్ర పట్టిందా?" అని మాట్లాడుతూ కూర్చోండి. నాకు చాలామంది అసలు కథ చెప్పింది ఆ నిమిషాల్లోనే.

రోజూ ఈ మందు వాడే పేషెంటు వేరే ఆపరేషన్ కోసం మీ వార్డుకు వస్తే, దాన్ని ఆపేయకుండా డాక్టర్‌తో మాట్లాడి కొనసాగించాలి. ఆ డోసు విత్‌డ్రాయల్‌ని రోజంతా ఆపుతుంది కానీ నొప్పిని ఆపేది కొన్ని గంటలే. "నీకు రోజూ పడుతోందిగా, ఇంక నొప్పేంటి?" అనడం తప్పు.

హ్యాండోవర్‌లో ఏమని చెప్పాలి? పేరులో ఏముందిలే అంటున్నారు.

చాలా ఉంది. 2010లో అమెరికాలో కెల్లీ, వెస్టర్‌హాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 500 మందికి పైగా మానసిక వైద్య నిపుణులకు ఒకే పేషెంటు వివరాలు ఇచ్చారు. కొందరి కాగితంలో ఆ మనిషిని దురలవాటు మనిషి అనే అర్థం వచ్చే మాటతో, మిగతావాళ్ల కాగితంలో మత్తు జబ్బు ఉన్న మనిషి అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. మిగతాదంతా అక్షరం తేడా లేదు. మొదటి కాగితం చదివినవాళ్లు తప్పు అతనిదేననీ, శిక్షలాంటి చర్య ఉండాలనీ ఎక్కువగా అన్నారు. చదువుకున్న నిపుణుల సంగతే అలా ఉంది.

మన దగ్గర వినిపించేవి "డ్రగ్గీ", "అలవాటు కేసు", "14వ బెడ్ తేడాగాడు". వీటి బదులు "14వ బెడ్, ట్రమడాల్ డిపెండెన్స్, చివరి డోసు నిన్న సాయంత్రం 6కి, కౌస్ 9" అనండి. ఇలా చెబితే తర్వాతి షిఫ్టు నర్సుకి చేతికి పని దొరుకుతుంది. "తేడాగాడు" అంటే ఆమెకు భయం తప్ప ఇంకేమీ దొరకదు. యూరిన్ టెస్ట్ ఫలితాన్ని "క్లీన్", "డర్టీ" అని రాయడం కూడా మానేద్దాం. పాజిటివ్, నెగెటివ్ అంటే సరిపోతుంది.

సీనియర్లే వెటకారం చేస్తుంటే నేను ఒక్కదాన్నే ఏం చేయగలను?

ఎదురు తిరిగి ఉపన్యాసం ఇస్తే పని జరగదు, మీరు ఒంటరవుతారు. హ్యాండోవర్ మీ వంతు వచ్చినప్పుడు మీరు సరైన మాటలతో చెప్పండి. ఆ పేషెంటును మీరు తీసుకుంటానని అడగండి. రెండు మూడు వారాల్లో ఎవరో ఒకరు మీ పద్ధతి అందుకుంటారు.

ట్రైనింగ్ పెడితే నర్సుల తీరు మారుతుందా?

ఒక్కపూట ట్రైనింగ్ పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తే పెద్దగా మారదు. ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతంలో నర్సుల మీద చేసి 2008, 2009ల్లో ప్రచురించిన అధ్యయనాల్లో తేలింది నాకు బాగా గుర్తుండిపోయింది: కష్టమొచ్చినప్పుడు సలహా చెప్పే మనిషి, వెనక నిలబడే వ్యవస్థ ఉన్న నర్సుల్లోనే శిక్షణ పనిచేసింది. అది లేనిచోట పాఠం చెప్పినా ఫలితం కనిపించలేదు. నా అనుభవమూ అదే. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే డాక్టర్, కౌస్ చార్టు కాగితాలు, అడిగితే కసురుకోని ఇన్‌చార్జ్ సిస్టర్ ఉంటే ఏ నర్సైనా మంచి నర్సే. నర్సింగ్ సూపరింటెండెంట్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పోస్టర్ల కంటే ముందు ఇవి ఏర్పాటు చేయండి.

బాత్‌రూమ్‌లో ఇంజెక్షన్ వేసుకున్నాడని అనుమానం వస్తే? కొట్టడానికి వస్తే?

మీ భద్రత ముందు. ఒంటరిగా తలుపు తోసుకుని లోపలికి వెళ్లకండి, జేబులు మీరు వెతకకండి. తలుపు కొట్టి పిలవండి. పలకకపోతే అది ఎమర్జెన్సీ కింద లెక్క, సెక్యూరిటీని, డాక్టర్‌ని పిలిచి తెరవాలి. సూది దొరికితే మూత పెట్టే ప్రయత్నం చేయకుండా షార్ప్స్ డబ్బాలో వేయండి. చేయి చేసుకుంటే ఏ పేషెంటు విషయంలోనైనా ఏం చేస్తారో ఇతని విషయంలోనూ అదే చేయండి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. నేను చూసిన గొడవల్లో చాలావరకు విత్‌డ్రాయల్ ముదిరి, గంటల తరబడి ఎవరూ పలకని రాత్రుల్లోనే జరిగాయి.

పోలీసులకు చెప్పాలా?

పేషెంటు "నేను ఇది వాడతాను" అని మీకు చెప్పిన మాట వైద్యం కోసం చెప్పింది, అది గోప్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతను హక్కుగా ఇచ్చింది. మత్తుమందుల నియంత్రణ కోసం ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది: వాడకం లేదా చిన్న మోతాదు కేసులో ఉన్న అలవాటుపడిన వ్యక్తి తానుగా ప్రభుత్వ, లేదా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్సకు వస్తే అతని మీద విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎమ్మెల్సీ (పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు) చేయాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. మనం "పోలీసులకు పట్టిస్తా" అని బెదిరించడం మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

ఓవర్‌డోస్ అని ఎలా గుర్తించాలి?

సూది మొనంత చిన్న కనుపాపలు, పిలిస్తే పలకకపోవడం, నెమ్మదిగా ఆగి ఆగి వచ్చే ఊపిరి. ఊపిరిని నిమిషం నిండా లెక్కపెట్టండి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించకండి. ముందు శ్వాసకు సాయం, ఆక్సిజన్, తర్వాత ఆర్డర్ ప్రకారం ఓపియాయిడ్లకు విరుగుడైన నాలాక్సోన్. అలవాటున్నవాళ్లకు కొద్దికొద్దిగా ఇస్తారు, ఒకేసారి ఎక్కువ పడితే తీవ్రమైన విత్‌డ్రాయల్ వస్తుంది. లేచి కూర్చుని తిట్టినా అది మిమ్మల్ని కాదు, ఆ విత్‌డ్రాయల్ అతనితో అలా అనిపిస్తుంది. నాలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. ఒంట్లో ఉన్న మందు అంతకంటే ఎక్కువసేపు ఉంటే మళ్లీ ఊపిరి మందగిస్తుంది. "లేచాడుగా" అని బెడ్ వదిలి వెళ్లకండి.

గర్భిణి అయితే? అలాంటి తల్లిని చూస్తే తట్టుకోలేను.

నర్సులకు అందరికంటే ఎక్కువ కోపం ఈమె మీదే వస్తుంది, నేను ఒప్పుకుంటాను. కానీ ఆమెకు ఒక్కసారిగా మందు ఆపించడం బిడ్డకూ ప్రమాదమే, అందుకే డాక్టర్ల పర్యవేక్షణలో బ్యుప్రెనార్ఫినో మెథడోనో ఇస్తారు. పుట్టిన బిడ్డకు రెండు మూడు రోజుల్లో విత్‌డ్రాయల్ కనిపించవచ్చు: కీచుమనే ఏడుపు, వణుకు, పాలు సరిగా తాగకపోవడం. ఆ బిడ్డకు మొదటి వైద్యం మసక వెలుతురు, నిశ్శబ్దం, మెత్తగా చుట్టిన గుడ్డ, అమ్మ ఒడి. చికిత్సలో నిలకడగా ఉండి, వేరే అడ్డంకి లేకపోతే తల్లిపాలు ఇవ్వమనే చెబుతారు. ఆ తల్లిని తిట్టి పంపేస్తే బిడ్డకు వైద్యం చేసే మనిషిని పంపేసినట్టే.

క్యాన్సర్ పేషెంట్లకు మార్ఫిన్ ఇవ్వడానికి కూడా కొందరు నర్సులు భయపడతారు. ఎందుకు?

అదే భయం ఇక్కడిదాకా పాకింది. చివరి దశలో ఉన్న ముసలామె నొప్పితో మూలుగుతుంటే "అలవాటైపోతుందేమో" అని ఇంకో గంట ఆపినవాళ్లున్నారు. నొప్పికి సరైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ వేరు, డిపెండెన్స్ జబ్బు వేరు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించింది కూడా మార్ఫిన్ లాంటి అత్యవసర మందులు పేషెంట్లకు సులువుగా అందాలనే. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉంది, వీలైతే అక్కడి నర్సుల పని ఒకరోజు దగ్గరుండి చూడండి.

మాతో పనిచేసే సిస్టరే వాడుతోందని అనుమానం. ఏం చేయాలి?

ఈ మందులుండే డబుల్ లాక్ బీరువా తాళం మన దగ్గరే ఉంటుంది, నైట్ డ్యూటీల అలసటా నడుంనొప్పీ మనవే. ఇది మన వృత్తిలో ఉన్న ప్రమాదమే. రిజిస్టర్‌లో లెక్క తేడాలు, పదేపదే విరిగిపోయిన ఆంపూల్స్, ఎండలోనూ నిండు చేతుల చొక్కా కనిపిస్తే మౌనంగా ఉండకండి, గుసగుసలూ పెట్టకండి. ఇన్‌చార్జ్‌కి విడిగా చెప్పండి. పేషెంట్లకు దక్కాల్సిన మందు పోతోంది కాబట్టి ఆమెను ఆ పని నుంచి వెంటనే తప్పించాలి, అదే రోజు డాక్టర్ దగ్గరకూ పంపాలి. నాతో చదువుకున్న అమ్మాయి ఒకామె విషయంలో మేం ఎవరం సమయానికి చెప్పలేదు. ఆమె గురించి ఇంతకంటే రాయలేను.

అమెరికాలో నర్సుగా చేరబోతున్నాను. అక్కడ తేడా ఏమిటి?

అక్కడ మీరు దాదాపు ప్రతి షిఫ్టులో వీళ్లను చూస్తారు. 2022లో అక్కడ డ్రగ్ ఓవర్‌డోస్ మరణాలు లక్ష దాటాయి, వాటిలో ఎక్కువ భాగం ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ల వల్లే. బ్యుప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధనను 2022 డిసెంబరు చట్టంతో తీసేశారు. 2023 మార్చిలో నాలాక్సోన్ ముక్కు స్ప్రేను చీటీ లేకుండా కొనుక్కోవడానికి అనుమతించారు. ఇక్కడి నుంచి తీసుకెళ్లే భయాన్ని మొదటి వారంలోనే మీ ప్రిసెప్టర్‌తో (కొత్తవాళ్లకు పని నేర్పే సీనియర్ నర్సుతో) చెప్పుకోండి.

డిశ్చార్జ్ రోజు ఏం చెప్పాలి?

అన్నిటికంటే ముందు ఇది: "ఇన్ని రోజులు వాడలేదు కాబట్టి నీ ఒళ్లు మారింది. మళ్లీ పాత డోసు వేసుకుంటే ప్రాణం పోతుంది." విత్‌డ్రాయల్ అయిపోయి ఇంటికి వెళ్లిన మొదటి వారాలే చాలా ప్రమాదం. "మళ్లీ వాడకు" అని మాత్రమే చెప్పి పంపితే, జారిపడినవాడు సిగ్గుతో ఒంటరిగా, తలుపు వేసుకుని వాడతాడు. అందుకే ఈ మాట ఇంటివాళ్లను కూడా పక్కన పెట్టుకుని చెప్పండి, పేషెంటు ఒప్పుకుంటేనే. పలకకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయమని వాళ్లకు చూపించండి.

డీ-అడిక్షన్ కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఈ నంబర్లు డిశ్చార్జ్ సమ్మరీలో ఇంగ్లీషులో ఎక్కడో చివరన ఉంటే ఎవరూ చదవరు. నేను చిన్న చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి చేతికిస్తాను. "మళ్లీ జారినా సరే ఇక్కడికే రా, తిట్టం" అని కింద రాస్తాను. ఒకతను రెండేళ్ల తర్వాత వచ్చినప్పుడు ఆ చీటీ నాలుగు మడతలు పడి, ఫోన్ కవరు వెనక ఉంది.